జాబ్ మార్కెట్ బాగోలేదా? ఎవరికి బాగోలేదో ముందు అడగండి

"జాబ్ మార్కెట్ అస్సలు బాగోలేదట" అని ఎవరైనా అనగానే సగం ధైర్యం పోతుంది. ఆ మాటకు అర్థం తెలిస్తే ఇంత భయం ఉండదు.

మార్కెట్ అన్నాక అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఉంటారు. ఇక్కడ మనం అమ్మేది మన పని, మన సమయం. కొనేది సంస్థలు, జీతమే ధర. పని వెతికేవాళ్లు, మనుషుల్ని వెతికేవాళ్లు ఎక్కడెక్కడ ఎదురుపడితే అదంతా జాబ్ మార్కెట్టే. "చదువైపోయింది, ఇక జాబ్ మార్కెట్‌లోకి దిగాలి" అంటే ఉద్యోగాల వేట మొదలైందని.

"మార్కెట్ టైట్‌గా ఉంది" అనే మాట దగ్గర మాత్రం జాగ్రత్త. ఉద్యోగాలు దొరకడం లేదన్న అర్థంలో మనం అంటుంటాం, కానీ ఆర్థికవేత్తలు సరిగ్గా దానికి తిరగేసి వాడతారు. ఖాళీలు బోలెడుండి మనుషులు దొరక్కపోతే వాళ్ల లెక్కలో అది టైట్. ఇది తెలియకుండా వార్త చదివితే మంచి కబురుకి కూడా టెన్షన్ పడతాం.

నిరుద్యోగ రేటు కూడా అంతే. అంతర్జాతీయ కార్మిక సంస్థ నిర్వచనం ప్రకారం పని లేకపోతే చాలదు, ఈమధ్య పని కోసం ప్రయత్నించి ఉండాలి, దొరికితే చేరడానికి సిద్ధంగా ఉండాలి. విసిగిపోయి వెతకడం మానేసినవాళ్లు అందులోకి రారు, అందుకే కొత్త ఉద్యోగాలు రాకపోయినా ఆ రేటు తగ్గొచ్చు. నాకైతే ఆ అంకె ఒక్కదాన్నే చూసి నిర్ణయాలు తీసుకోవడం నచ్చదు.

అసలు అందరికీ కలిపి ఒకే మార్కెట్ లేదు. నర్సులకు గిరాకీ ఉన్న రోజే కొత్తగా చదువు ముగించిన ప్రోగ్రామర్‌కి పిలుపు రాకపోవచ్చు. కాబట్టి మీ మార్కెట్‌ని మీరే చూసుకోండి. ఒక్క ఉద్యోగం పేరు ఎంచుకుని, మూడు వారాలపాటు వచ్చిన ప్రకటనలన్నీ నోట్‌బుక్‌లో రాయండి: తేదీ, అడిగిన అనుభవం, అడిగిన నైపుణ్యాలు, జీతం చెప్పారా లేదా. పైన "ఫ్రెషర్లు కావలెను" అని ఉండి కింద "రెండేళ్ల అనుభవం తప్పనిసరి" అనే ప్రకటన కనిపిస్తే దాన్ని ఫ్రెషర్ల లెక్కలో వేయకండి. ఒకటే ప్రకటన మళ్లీ మళ్లీ వస్తుంటే పక్కన గుర్తు పెట్టండి, అది కొత్త ఖాళీ కాకపోవచ్చు.

ఖాళీలూ, ఖాళీగా ఉన్న మనుషులూ ఒకేసారి ఎందుకుంటారో వివరించినందుకే 2010లో డైమండ్, మోర్టెన్‌సెన్, పిస్సరిడెస్‌లకు ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఒకరినొకరు వెతుక్కోవడానికే టైమ్ పడుతుంది. అప్లై చేసిన వారానికే జవాబు రాలేదని మీలోనే లోపం ఉందనుకోకండి, నోట్‌బుక్‌లో ఎక్కువసార్లు కనిపించిన నైపుణ్యం ఏదో చూసి దాన్ని ఈ రోజే మొదలుపెట్టండి.