బాణాల చాప మీద అడుగులు, మూడో పాఠం: నడిమి గడికి తిరిగి రావద్దు

పాట మోగుతుంటే తెర మీద బాణాలు వస్తాయి, నేల మీద పరిచిన చాపలో నడిమి గడికి ఎడమ, కుడి, పై, కింద ఉన్న బాణం గడుల్లో తెర మీద వచ్చినదాన్ని తాళానికి కాలితో తొక్కాలి. ఈ పాఠాలు ఆ డాన్స్ ఆట గురించే. ఈసారి కాలు అడ్డం వేసి ఒళ్లు తిప్పే అడుగులు చెబుతానని పోయిన పాఠంలో మాట ఇచ్చాను. అది వచ్చేసారికి. రెండో పాఠం చూసి ఆడినవాళ్లు రాసినవన్నీ చదివాక నాకు ముందుకు పోబుద్ధి కాలేదు. ప్రొద్దుటూరు నుంచి ఒక అక్క, మూడు పాటలకే పిక్కలు పట్టేసి రెండు రోజులు మెట్లు దిగలేకపోయానని రాసింది. తాడిపత్రి తమ్ముడొకడు ఎర్ర బాణాలన్నీ దొరుకుతున్నాయి, నీలం బాణాలు రాగానే కాళ్లు చిక్కుపడుతున్నాయి అన్నాడు. మైదుకూరు నుంచి ఒకాయన ఏకంగా వీడియో పంపాడు, దాంతో సంగతంతా తెలిసిపోయింది. ఎడమ బాణం తొక్కుతాడు, నడిమికి వస్తాడు. కుడి బాణం తొక్కుతాడు, మళ్లీ నడిమికి వస్తాడు. మిగతా ఇద్దరినీ అడిగితే వాళ్లదీ అదే పద్ధతి.

దీనికి కారణం నేను రాసిన వాక్యమే. "నడిమి గడిలో నిలబడి మొదలుపెట్టండి" అన్నాను గానీ, మొదలయ్యాక ఆ గడితో పని లేదని చెప్పలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకుని వదిలేశాను. ఇప్పుడు చెబుతున్నాను, పాట మొదలయ్యాక నడిమి గడిని మర్చిపోండి. తొక్కిన కాలు తొక్కిన చోటే ఉండాలి, మళ్లీ దానికి పని పడేదాకా.

బాణం మీద కాలు అలాగే ఉంచితే మార్కులు పోతాయేమో అని చాలామందికి భయం. పోవు. 1998లో జపాన్‌లో కొనామి కంపెనీ తెచ్చిన డాన్స్ డాన్స్ రెవల్యూషన్ అయినా, మనం కంప్యూటర్లో ఉచితంగా ఆడుకునే స్టెప్‌మేనియా అయినా, మామూలు బాణాలకు ఆట లెక్కపెట్టేది కాలు కొత్తగా దిగిన క్షణాన్నే. దిగిన కాలు అక్కడ ఎంతసేపు ఉందో దానికి అక్కర్లేదు (పొడుగు బాణాల సంగతి వేరు, వాటి మీద నిలబడే ఉండాలి, అది మొదటి పాఠంలోనే చెప్పాను). అదే బాణం వెంటనే మళ్లీ వస్తే మాత్రం ఆ కాలినే రెండు వేళ్ల ఎత్తు లేపి తట్టండి, చాలు.

లెక్క చూడండి. నిమిషానికి 120 దెబ్బల పాట అంటే అర సెకనుకు ఒక తాళం దెబ్బ. ఎర్ర బాణం దెబ్బ మీద వస్తుంది, నీలం బాణం రెండు దెబ్బల నడుమ వస్తుంది. ఎర్రవి మాత్రమే ఉన్నప్పుడు అర సెకనులో పోయి రావడం ఎలాగో కుదురుతుంది, అందుకే తాడిపత్రి తమ్ముడికి ఇన్నాళ్లూ తప్పు తెలియలేదు. ఎర్రది, నీలం, ఎర్రది, నీలం అని వరుసగా పడితే ఒక్కో అడుగుకు పావు సెకనే. ఆ పావు సెకనులో పోవాలి, రావాలి. ఎవరి వల్లా కాదు. పాటలో 200 బాణాలుంటే కాళ్లు 400 సార్లు కదులుతాయి, అక్క పిక్కలు పట్టేసింది అందుకే.

ఒకాయన అడిగాడు, నేను ఒళ్లు తగ్గడానికే ఆడుతున్నాను, కాళ్లు రెండింతలు కదిలితే మంచిదే కదా అని. మంచిది కాదన్నా. మూడు పాటలకే కూలబడేవాడి కంటే ఆగకుండా అరగంట ఆడేవాడికే చెమట బాగా పడుతుంది. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం 2006లో పిల్లల్లో ఊబకాయం తగ్గించడానికి ఈ ఆటను ప్రభుత్వ బడుల్లోకి తెచ్చింది. ఆటనే ధ్యాసలో పిల్లలు ఎక్కువసేపు కదులుతారు కాబట్టే అది వ్యాయామంగా పనికొస్తుంది. తొందరగా అలిసిపోవడం మనకు లాభం కాదు.

నాకు ఈ సంగతి చాప మీద కంటే ముందే మా జేజినాయన దగ్గర తెలిసింది. ఆయన ఊళ్లో చెక్కభజన ఆడేవాడు. రాములవారి గుడి ముందర గజ్జెలు కట్టుకుని, చేతిలో చెక్కలు మోగిస్తూ, గురువు అడుగు మార్చమన్న చోట మారుస్తూ ఆడుతుంటే నేను అరుగు మీద కూర్చుని కాళ్లే చూసేదాన్ని. అంతసేపు ఆడినా ఆయన రొప్పడం నేను చూడలేదు. అడుగు పడ్డాక బరువు ఆ కాలి మీదికి పోతుంది, రెండో కాలు తేలికవుతుంది, ఆ తేలికైన కాలే తర్వాతి అడుగు వేస్తుంది. మీరు నేర్చుకోవాల్సిందంతా ఈ బరువు మారడమే. నడిమికి వచ్చి రెండు కాళ్ల మీద సమంగా నిలబడితే ఏ కాలూ తేలిక కాదు, తర్వాతి బాణం వచ్చాక అప్పుడు ఆలోచించాల్సి వస్తుంది.

ఎడమ, కుడి, ఎడమ, కుడి అని వస్తే రెండు కాళ్లూ వాటి గడుల మీదే ఉంటాయి, నడుము కొద్దిగా ఊగుతుంది, అంతే. ఎడమ, పై, ఎడమ, కింద అని వస్తే ఎడమ కాలు ఎడమ గడి వదలదు, కుడి కాలే ముందుకోసారి వెనక్కోసారి పోతుంది. ఇక్కడ ఒకటి గమనించండి, వెనక గడిని కళ్లతో వెతకొద్దు. తల దించితే తెర మీద రెండు బాణాలు పోతాయి. కాలికి ఆ దూరం అలవాటు కావాలి, చీకట్లో లేచి స్విచ్ వేసే చేతికి గోడ తెలిసినట్టు. ఇక ఎడమ, పై, కుడి అని వస్తే? ఎడమ కాలు, కుడి కాలు అయ్యాక వంతు ఎడమ కాలిదే, కానీ అది కుడి గడికి పోవాలంటే అడ్డం పడాలి. ఈ వారానికి కుడి కాలినే రెండుసార్లు వాడండి. నాకది ఇష్టం లేదు, అయినా ఒప్పుకుంటున్నాను.

తాళానికి నేను ఒకటి రెండు అని లెక్కపెట్టను. ఎర్రవి మాత్రమే ఉంటే దెబ్బకు ఒక "త", నీలం కలిస్తే దెబ్బకు "తక". నోటితో పైకే అనండి, ఇంట్లోవాళ్లు విన్నా ఫరవాలేదు. బాణాలు కిక్కిరిసి కనిపిస్తుంటే తెర వేగాన్ని రెండు రెట్లు పెట్టండి. పాట వేగం మారదు, బాణాల మధ్య ఎడం పెరుగుతుంది. 150 దెబ్బల పాటకు నేను ఎప్పుడూ రెండు రెట్లే పెట్టుకుంటాను.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించే సంగతి, బ్లూటూత్ స్పీకర్. దయచేసి వాడొద్దు. "పాటకు సరిగ్గానే వేస్తున్నా, మార్కులు రావట్లేదు" అని రాసినవాళ్లలో ఎక్కువమంది ఇళ్లలో అదే ఉంది. మెరుపు ముందు కనబడి ఉరుము తర్వాత వినబడినట్టు, బాణం తెర మీద ముందు వస్తుంది, ఆ స్పీకర్లో శబ్దం తర్వాత వస్తుంది. ఆ ఆలస్యం సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా ఉండటం మామూలే. స్టెప్‌మేనియా మామూలు అమరికలో పర్‌ఫెక్ట్ అనే మార్కు రావాలంటే అడుగు 45 మిల్లీ సెకన్ల లోపు తేడాతో పడాలి, ఆ కింది మార్కులైన గ్రేట్‌కు 90, గుడ్‌కు 135. స్పీకర్ 150 మిల్లీ సెకన్లు ఆలస్యం చేస్తే, మీరు విన్న దెబ్బ మీద అచ్చంగా అడుగు వేసినా గుడ్ కూడా రాదు. మీ కాళ్లు సరైనవే, ఆట తప్పంటుంది. ఇంకా పెద్ద నష్టం, నాలుగు రోజులు అలాగే ఆడితే చెవిని వదిలేసి కళ్లతోనే తొక్కడం అలవాటవుతుంది. ఆ అలవాటు పోగొట్టుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. కొందరు ఆటలో ఆలస్యాన్ని సరిచేసే అమరిక ఉంది కదా అంటారు. ఉంది, కానీ బ్లూటూత్ ఆలస్యం మళ్లీ కలిపినప్పుడల్లా అంతే ఉంటుందని నమ్మకం లేదు. ముందు వైరు పెట్టండి. టీవీకి కలిపితే గేమ్ మోడ్ ఆన్ చేయండి, లేదంటే టీవీ బొమ్మను చక్కదిద్దుతూ ఇంకో ఆలస్యం కలుపుతుంది. ఆ తర్వాత కూడా తేడా ఉంటే అప్పుడు అమరిక.

ఫోన్ చేత్తో పట్టుకుని జస్ట్ డాన్స్ ఆడేవాళ్లు కూడా అడిగారు. ఆ ఆట చేతి కదలికకే మార్కులిస్తుంది, కాళ్లను చూడదు. బరువు మార్చడం మాత్రం దానికీ పనికొస్తుంది.

మన ఇళ్లలో నేల కడప బండలే కదా, నున్నగా ఉంటాయి, గట్టిగా ఉంటాయి. పలచటి చాప వాటి మీద జారుతుంది, మోకాళ్లకు దెబ్బ తగులుతుంది. కింద రబ్బరు షీటు వేసి, దాని మీద ప్లైవుడ్ పలక, పైన చాప, అంచులకు టేపు. సాక్సులతో ఆడొద్దు. మోకాలు నొప్పి చేస్తే ఆ రోజుకు ఆపేయండి, తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. ఎండాకాలంలో పొద్దున ఏడు లోపే ఆడండి, సంగటి తిన్న వెంటనే ఎప్పుడూ ఆడొద్దు.

అభ్యాసం. నాలుగు రోజులు ఆట తెరవొద్దు. సుద్దముక్కతో నేల మీద నాలుగు గడులు గీసి, నడిమి గడిలో పెద్ద ఇంటూ కొట్టండి. రెండు చేతుల్తో పళ్లెం పట్టుకోండి, అందులో గుప్పెడు శనక్కాయ గింజలు. "త త త త" అంటూ వంద అడుగులు, తర్వాత "తక తక" అంటూ వంద, పైన రాసిన మొదటి రెండు వరుసల్లోనే. గింజలు గలగలమంటే మీరు ఎగురుతున్నారు, బరువు మార్చడం లేదు. కాలు ఇంటూ మీద పడినా, ఒక్క గింజ కింద పడినా, ఏరుకుని మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టండి.