క్యాంపు నుంచి తెచ్చిన టెంటును ఆరబెట్టి దాచడం ఎలా?

శివరాత్రి దాటాక, ఎండలు ముదరకముందే అనంతగిరి కొండలకో భువనగిరి గుట్టకో రెండు రోజుల శిక్షణకు వెళ్ళొచ్చేవాళ్ళు చాలామంది. టెంటు వేయడం, ముడులు వేయడం, మ్యాపు చూసి దారి పట్టడం అక్కడ నేర్చుకుంటారు. ఇంటికొచ్చాక టెంటును ఏం చేయాలో మాత్రం ఎవరూ అడగరు. ఫాల్గుణంలో చుట్టి పడేసిన టెంటును దసరా సెలవులకు విప్పితే జిగటగా చేతికంటుకుంటూ పుల్లటి కంపు కొడుతుంది. అప్పుడు కంపెనీని తిట్టి లాభం లేదు.

కావలసినవి: స్పాంజి ముక్క, బకెట్టు నీళ్ళు, ఒంటి సబ్బు, పాత టూత్‌బ్రష్, రెండు దండేలు, ఫ్యాను, ఒక నూలు దిండు గలీబు.

పని క్యాంపులోనే మొదలవుతుంది. ఈ రోజుల్లో పగలు ఎండ, తెల్లవారుజామున చలి. లోపల పడుకున్నవాళ్ళ ఊపిరిలోని తేమ పైకప్పు గుడ్డకు, అంటే ఫ్లైకి, లోపలివైపు బొట్లుబొట్లుగా పడుతుంది. లేవగానే ఫ్లై తీసి, తిరగేసి తాడు మీద వేయండి. పొదల మీద పరిస్తే ముళ్ళు దిగుతాయి. లోపలి గుడారం జిప్పు తెరిచి, ఎత్తి దులపండి. ఇసుక మిగిలితే మడతల్లో రుద్దుకుని, నీరు దిగకుండా గుడ్డకు వేసిన పూతను గీరేస్తుంది. అడుగుభాగాన్ని తిరగేసి చూశాకే చుట్టండి, తేళ్ళు అక్కడే చేరతాయి. పోల్స్‌ను, అంటే టెంటును నిలబెట్టే మడత కర్రలను, నడిమి నుంచి చివరలకు మడవండి. ఒక కొస నుంచి మొదలుపెడితే లోపలి ఎలాస్టిక్ తాడు ఒకేవైపు లాగుడు పడి తొందరగా సాగిపోతుంది. ఫ్లై ఇంకా తడిగా ఉంటే వేరే కవర్లో పెట్టండి.

ఇల్లు చేరిన రాత్రే విప్పండి. మార్చి వేడికి కారు డిక్కీలో రెండు రోజులు ఉడికితే బూజు పట్టడానికి అది చాలు. అనంతగిరి ఎర్రమట్టి అంటుకుంటే ఎండనిచ్చి, బ్రష్‌తో రాల్చి, ఆ తర్వాతే తడి స్పాంజితో తుడవండి. పచ్చిమట్టిని రుద్దితే మరక ఇంకా పాకుతుంది. జిప్పు పళ్ళను టూత్‌బ్రష్‌తో తోమండి. పక్షి రెట్ట లాంటివాటికే సబ్బు, మిగతా అంతా ఉత్త నీళ్ళే. బట్టల సోడా, డిటర్జెంటు, వాషింగ్ మెషిన్ జోలికి పోవద్దు. పూత, కుట్ల మీది టేపు రెండూ ఊడొస్తాయి.

ఇక అందరూ చెడగొట్టేది ఆరబెట్టడం దగ్గరే. మామూలు టెంట్ల గుడ్డకు నీరు దిగకుండా లోపలివైపు పాలీయురేతేన్ పూత ఉంటుంది. తేమా వేడీ కలిసి ఎక్కువకాలం పట్టి ఉంటే ఆ పూత రసాయనికంగానే విరిగిపోతుంది. జిగట, కంపు వచ్చేది అందుకే. ఒకసారి జిగటెక్కాక ఏ పౌడరు చల్లినా మునుపటిలా కాదు.

అలాగని డాబా మీద మిట్టమధ్యాహ్నపు ఎండలో పరవకండి. అతినీలలోహిత కిరణాలకు నైలాను బలం పోయి, గుడ్డ గోటితో లాగితే చిరిగే స్థితికొస్తుంది. పాలియెస్టర్ కొంత ఓర్చుకుంటుంది, దానికైనా నీడే మంచిది. హెయిర్ డ్రయ్యర్, ఇస్త్రీ పెట్టె ఊసే ఎత్తొద్దు.

రెండు దండేలను జానెడు ఎడంగా కట్టి, గుడ్డ రెండు పొరలు అంటుకోకుండా వాటి మీద వేయండి. జిప్పులన్నీ తెరవండి, జేబులు బయటికి లాగండి. ముందు పూత ఉన్న వైపు పైకి, రెండు మూడు గంటల తర్వాత తిరగేయాలి. నీరు కిందికి జారి అంచుల్లో ఆగుతుంది, అక్కడ పొడిగుడ్డతో అద్దండి. తర్వాత రాత్రంతా ఫ్యాను గాలి.

గుడ్డ అరగంటలో ఆరిపోతుంది. దాన్ని తాకి అంతా ఆరిందనుకుని సంచిలో కుక్కేయడమే అసలు తప్పు. కుట్లు, మేకులు తగిలించే నాడాలు, జిప్పు పక్క మడత, మూలల్లోని రెండు పొరలు గంటల తరబడి తడిని దాచుకుంటాయి. ఈ నాలుగుచోట్ల అరచేతి వెనకభాగం ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. హైదరాబాదులో ఒక రాత్రి, విశాఖలో రెండు రాత్రులు, అంతకు తక్కువ పనికిరాదు. తాళ్ళూ నీరు పీలుస్తాయి కాబట్టి వాటిని చుట్టకుండా విడిగా వేలాడదీయండి.

దాచేటప్పుడు కంపెనీ ఇచ్చిన బిగుతు సంచి వద్దు, అది ప్రయాణానికే. చక్కగా మడతలు పెట్టేవాళ్ళతో ఎప్పుడూ వాదనే. ప్రతిసారీ అదే మడత మీద నొక్కితే పూత అక్కడే పగులుతుంది. దిండు గలీబులో వదులుగా కుక్కండి. గాలి ఆడుతుంది, గీతలు పడవు. అటక మీదికి ఎక్కించొద్దు. శ్లాబు కింద ఏప్రిల్, మే వేడి పూతకు శత్రువు. మంచం కిందో బట్టల బీరువా అడుగునో చాలు. నాఫ్తలిన్ ఉండలు వేయకండి, వచ్చే క్యాంపులో ఆ వాసన పీలుస్తూ పడుకోవాలి. జేబుల్లో పల్లీపట్టీ ముక్కలుంటే ఎలుకలు గలీబు సహా కొరికేస్తాయి.

వానాకాలం నడుమ తెరిపి ఇచ్చిన రోజు చూసి గలీబు విప్పి వాసన చూడండి. కాస్త ముక్క వాసనొచ్చినా టెంటు మళ్ళీ దండెం మీదికే.