పాత ఆటలు, కొత్త కంప్యూటర్ – 3వ భాగం: బయోస్ ఫైలు

కిందటి భాగంలో పాత ఆట యంత్రాలను కంప్యూటర్ మీద అనుకరించే రెట్రోఆర్క్ ప్రోగ్రామ్ ఎక్కించి కార్ట్‌రిడ్జ్ ఆటలు నడిపించాం. వాటికి ఆట ఫైలు ఒక్కటే చాలింది. ఈ భాగంలో మొదటి ప్లేస్టేషన్‌కు వస్తున్నాం. బ్రాడీపేటలో మా ఇంటికి ఆదివారాలు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు ఇక్కడికి రాగానే అడిగే ప్రశ్న ఒక్కటే: ‘‘ఆట ఫైలు బాగానే ఉంది కదా అంకుల్, ఎందుకు మొదలవడం లేదు?’’

కార్ట్‌రిడ్జ్ యంత్రంలో స్విచ్ వేయగానే ప్రాసెసర్ నేరుగా కార్ట్‌రిడ్జ్‌లోని చిప్‌ను చదువుకుంటుంది. ప్లేస్టేషన్ ఆట ఉండేది డిస్కు మీద, దానితో అలా కుదరదు. డిస్కును తిప్పి, చదివి, మెమరీలోకి ఎక్కించే ప్రోగ్రామ్ ముందుగానే యంత్రంలో ఉండాలి. అదే బయోస్. ఆట మొదలయ్యాక కూడా మెమరీ కార్డు వంటి పనులకు ఆట దాని సాయమే అడుగుతుంది.

ప్లేస్టేషన్ బయోస్ పరిమాణం 512 కేబీ, అంటే సరిగ్గా 5,24,288 బైట్లు. మీ దగ్గరున్న ఫైలు అంతకంటే తక్కువ చూపిస్తే అది ఇంకా జిప్‌లోనే ఉందేమో చూడండి. విప్పిన తర్వాతే వాడాలి.

కావలసిన ఫైళ్లు మూడు. జపాన్ డిస్కులకు ఎస్‌సీపీహెచ్5500.బిన్, అమెరికా డిస్కులకు 5501, ఐరోపా డిస్కులకు 5502. కోర్ అంటే రెట్రోఆర్క్‌లో ఒక్కో యంత్రాన్ని అనుకరించే భాగం. ప్లేస్టేషన్ కోసం ఉన్న బీటిల్ పీఎస్‌ఎక్స్ అనే కోర్ డిస్కు ఏ ప్రాంతానిదో చూసి దానికి తగ్గ ఫైలునే వెతుకుతుంది. అమెరికా ఆట పెట్టి ఐరోపా ఫైలు ఒక్కటే ఉంచితే మొరాయిస్తుంది.

ఈ ఫైళ్లు సోనీ హక్కుల్లో ఉన్నవి. అందుకే రెట్రోఆర్క్ వాటిని తనతో ఇవ్వదు. సొంత యంత్రం నుంచి తీసుకోవడమే నేను చెప్పే దారి. మన జిల్లాల్లో అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన ప్లేస్టేషన్ ఇంకా అటక మీద ఉన్న ఇళ్లు ఉంటాయి. దాన్ని దించి నేరుగా మన ప్లగ్గులో పెట్టకండి. అది 120 వోల్టులకు చేసినది, మన గోడలో వచ్చేది 230. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా స్విచ్ వేస్తే బయోస్ మాట అటుంచి యంత్రమే మిగలదు.

ఫైళ్లు చేతికి వచ్చాక వాటిని రెట్రోఆర్క్‌లోని ‘సిస్టమ్’ ఫోల్డరులో పెట్టాలి, ఆటల ఫోల్డరులో కాదు. అది ఎక్కడుందో సెట్టింగ్స్‌లోని డైరెక్టరీ విభాగం చెబుతుంది. రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద రెట్రోపై అనే ఆటల సాఫ్ట్‌వేర్ వాడేవారికి మాత్రం ఆ ఫోల్డరు పేరే ‘బయోస్’.

పేరు విషయంలో రెండు చిక్కులున్నాయి. లినక్స్‌లో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు వేర్వేరు. పేరంతా చిన్న అక్షరాల్లోనే ఉండాలి. విండోస్‌లో ఇంకో తమాషా. అది ఫైలు పేరు చివరి తోకను దాచిపెడుతుంది. అది కనిపించక మీరు ‘.బిన్’ అని మళ్లీ చేర్చితే అసలు పేరు ‘.బిన్.బిన్’ అయి కూర్చుంటుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలో ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా ముందే మార్చుకోండి. ఆ తోకను దాచాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, నా దృష్టిలో దానివల్ల జరిగిన మేలు సున్నా.

ఇప్పుడు అసలు పరీక్ష. బీటిల్ పీఎస్‌ఎక్స్ కోర్ తెరిచి, ఇన్ఫర్మేషన్‌లో కోర్ ఇన్ఫర్మేషన్ చూడండి. ఒక్కో ఫైలు ఉందో లేదో అక్కడ కనిపిస్తుంది. ‘ఉంది’ అన్నంత మాత్రాన నమ్మకండి. ఆ పేరుతో ఫైలుందని చెప్పడమే దాని పని, లోపల ఏముందో అది చూడదు. మీ పెళ్లి ఫొటోకు ఎస్‌సీపీహెచ్5501.బిన్ అని పేరు పెట్టినా ‘ఉంది’ అనే అంటుంది.

లోపలి సరుకు తేల్చేది ఎండీ5. ఫైలులోని ప్రతి బైటునూ లెక్కలోకి తీసుకుని 32 అక్షరాల వరుస ఇస్తుంది. ఒక్క బైటు తేడా ఉన్నా వరుస మొత్తం మారిపోతుంది. విండోస్‌లో సర్ట్‌యుటిల్, లినక్స్‌లో ఎండీ5సమ్ ఈ లెక్క కడతాయి. 5501 వరుస 490ఎఫ్666 అని మొదలవుతుంది. మూడు ఫైళ్ల పూర్తి వరుసలూ అదే కోర్ ఇన్ఫర్మేషన్ పేజీలో కిందుగా ఉంటాయి. అక్షరం అక్షరం పోల్చండి. తేడా వస్తే పేరు మార్చి సరిపెట్టుకోవద్దు, యంత్రం నుంచి మళ్లీ తీయండి.

అభ్యాసం: మూడు ఫైళ్లనూ తాత్కాలికంగా వేరే ఫోల్డరులోకి మార్చండి. ఒకే ఆటను ముందు బీటిల్‌తో, తర్వాత పీసీఎస్‌ఎక్స్ రీఆర్మ్‌డ్ అనే ఇంకో ప్లేస్టేషన్ కోర్‌తో తెరవండి. మొదటిది ఒప్పుకోదు. రెండోది బయోస్ దొరకలేదని ఒక మాట చెప్పి, తనలోని బదులు బయోస్‌తో నడిపిస్తుంది. దానితో అన్ని ఆటలూ సరిగా ఆడవు. మీ ఆటల్లో ఏవి తడబడ్డాయో రాసుకుని, ఫైళ్లను తిరిగి వాటి చోట పెట్టండి. వచ్చే భాగంలో మెమరీ కార్డులకు ఆ జాబితా కావాలి.