బారువ ఇసుక నుంచి మహేంద్రగిరి దాకా గ్రావెల్ సైకిలు దారి

మన వైపు ‘గ్రావెల్’ కొత్త మాట కాదు. ఊరి రోడ్డుకు గ్రావెల్ తోలారంటే ఎర్రమట్టీ గులకరాళ్ళూ కలిసిన సరుకు పోసి రోలరు తిప్పారని పిల్లలకు కూడా తెలుసు. గ్రావెల్ సైకిలు పుట్టింది అలాంటి దారికే. వంపు హ్యాండిలు రేసు సైకిలుది, టైర్లు మాత్రం లావు, బ్రేకులు డిస్కువి. ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాలూ వాటిని ఆనుకుని శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఉద్దానం తోటల ప్రాంతమూ ఈ సైకిలుకు మంచి నేల. చిక్కల్లా ఒకటే. బారువ తీరం నుంచి 1,501 మీటర్ల మహేంద్రగిరి సరళరేఖలో పాతిక కిలోమీటర్లే, ఆ కాస్త దూరంలోనే ఇసుక, ఎర్రమట్టి, కొండరాయి మూడూ తగులుతాయి. ఒకదానికి సరిపోయిన గాలి ఇంకోదానికి పనికిరాదు. కాళ్ళలో ఎంత బలమున్నా టైర్లో గాలి లెక్క తప్పితే ముందుకు సాగదు.

టైరు, గాలి

700 సైజు చక్రానికి 40 నుంచి 45 మిల్లీమీటర్ల వెడల్పున్న ట్యూబులెస్ టైరు వేయించండి. 70 కిలోల మనిషి 42 మిల్లీమీటర్ల టైరుతో తొక్కుతుంటే తారు మీద ముందు 38, వెనక 42 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండొచ్చు. గ్రావెల్ మీద 30, 33 చాలు. సరుగుడు తోటల ఇసుకలో 22, 25కి దించాలి. బరువైన మనిషైనా, వెనక సామాను కట్టినా రెండు మూడు పాయింట్లు పెంచుకోవాలి. ఇసుకలో గాలి తీయడం అందరికీ గుర్తుంటుంది, ఇసుక దాటాక మళ్ళీ ఎక్కించడమే మరిచిపోతారు. 22తో కొండరాయి మీదికి వెళ్తే రిమ్ము నేరుగా రాయికి కొట్టుకుని సొట్టపడుతుంది, లేదా టైరు అంచు తెగుతుంది. గేజి ఉన్న చిన్న పంపు సంచి అడుగున కాదు, చేతికందే చోట ఉండాలి.

టైరు రంధ్రాలను లోపలి నుంచి మూసే ద్రవం సీలెంటు, ఒక్కో టైరుకు 60 నుంచి 90 మిల్లీలీటర్లు పోయాలి. మన ఎండలకు రెండు మూడు నెలల్లో ఆరిపోయి లోపల రబ్బరు ఉండలా మిగులుతుంది. చక్రం విప్పి చెవి దగ్గర ఊపితే ద్రవం కదిలే చప్పుడు వినిపించాలి. వినిపించకపోతే మళ్ళీ పోయాల్సిందే. పల్లేరు కాయ గుచ్చుకుంటే పీకేసి, రంధ్రం కిందికి వచ్చేలా చక్రం తిప్పి నిలపండి, సీలెంటు మూసేస్తుంది. గంజాం తీరంలో మొగలి పొదలతో అలా కుదరదు. ఎండి రాలిన మొగలి ఆకు అంచులు రంపంలా ఉండి టైరు పక్కగోడను కోస్తాయి. ఆ కోతకు సీలెంటు ఆగదు. లోపల పాత టైరు ముక్క అడ్డంపెట్టి ట్యూబు ఎక్కించడమే దారి.

ఆ ట్యూబు మీ సంచిలోనే ఉండాలి, ఒకటి కాదు, రెండు. ఊరి సైకిలు షాపులో దొరికే 28 అంగుళాల ట్యూబు సాగదీస్తే టైర్లో పడుతుంది గానీ, దాని లావు వాల్వు మన రిమ్ములోని సన్నటి రంధ్రంలో దూరదు. షాపులో పంపుతో గాలి కొట్టించుకోవాలంటే ఇత్తడి అడాప్టరు కూడా కావాలి. ఆ అడాప్టరు అరంగుళమంతే, అది పోతే మాత్రం రోజంతా పోతుంది.

దారి, వేళ

నవంబరు నడిమి నుంచి ఫిబ్రవరి చివరి దాకా కాలం మంచిది. వానలు తగ్గాయి కదా అని అక్టోబరులో బయల్దేరకండి. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర. తుపాను దాకా ఎందుకు, ఒక్క గట్టి వాన పడితే చాలు, పొలం గట్ల జిగురుమన్ను టైరుకూ ఫోర్కుకూ మధ్య ఇరుక్కుని చక్రం తిరగదు. అదే వాన పడిన ఎర్రమట్టి రోడ్డు గంటలో నీరు వదిలేస్తుంది. వాన పడ్డ రోజు పొలాల దారి మానేసి ఎర్రమట్టి రోడ్డు పట్టుకోండి.

బరంపురం నుంచి ఇచ్ఛాపురం సుమారు 25 కిలోమీటర్లు. ఎక్కువ భాగం లారీల హోరే కాబట్టి చక్రాలు విప్పి సంచిలో కట్టి రైల్లో వచ్చేయడం నయం. బహుదా నదిని సముద్రంలో కలిసే చోట దాటే ఆలోచన పెట్టుకోవద్దు. ఇచ్ఛాపురం వంతెన దాటి కవిటి వైపు తిరిగితే కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య మట్టిదారులు మొదలవుతాయి. కవిటి, సోంపేట మీదుగా బారువ చేరితే మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు కనిపిస్తుంది. అక్కడి నుంచి పడమరగా మందస.

ఈ దిక్కునే తొక్కాలి, ఎదురు వద్దు. ఉదయం మంచుకు తడిసిన ఇసుక గట్టిగా ఉంటుంది, తొమ్మిది దాటితే పొడిబారి చక్రం దిగబడుతుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచేసరికి మీరు కొండల వైపు తిరిగి ఉంటారు కాబట్టి గాలి వీపున పడుతుంది. దీనికి ఎలుగుబంట్లు అడ్డం. ఉద్దానం తోటల్లో అవి తెల్లవారుజామునా మసకచీకట్లోనూ తిరుగుతాయి, జీడిపండ్ల కాలంలో మరీ ఎక్కువ. అందుకని వెలుగు రాగానే తీరం వైపు సరుగుడు తోటల దారి పట్టుకోండి, జీడి తోటల్లోకి పొద్దెక్కాకే వెళ్ళండి. మలుపుల్లో బెల్లు కొడుతూ వెళ్ళాలి, ఎలుగుకు ముందుగా తెలిస్తే అదే తప్పుకుంటుంది. డిసెంబరులో సాయంత్రం ఐదుంబావుకే పొద్దు గుంకుతుంది, నాలుగున్నరకల్లా తోటల్లోంచి బయటపడాలి.

ఎండుటాకుల కింద జీడి వేళ్ళు కనిపించవు. ఆకుల మీద బ్రేకు వేయకుండా, హ్యాండిలు తిప్పకుండా తిన్నగా పోనివ్వండి. ఇసుకలో కూడా బరువు వెనక్కి వేసి, తేలిక గేరులో ఆగకుండా తొక్కడమే. ముందు చక్రం దిగబడుతోందని హ్యాండిలు బిగించి పట్టుకున్నారో, పడతారు.

దారి అడిగేటప్పుడు ఎంత దూరమని అడిగితే ‘దగ్గరే’ అంటారు, దాంతో లాభం లేదు. ‘ఆటో వెళ్తుందా?’ అనడగండి. ఆటో వెళ్తే మీరూ వెళ్తారు. ట్రాక్టరు మాత్రమే వెళ్తుందంటే లోతైన చక్రపు గాళ్ళుంటాయి. కొండ మీది సవర పల్లెల్లో తెలుగు అన్నిచోట్లా సాగదు, ‘ఏ రాస్తా కుఆడె జాఇచి?’ (ఈ దారి ఎటు వెళ్తుంది?) అనే ఒడియా ముక్క పనికొస్తుంది. సిగ్నలు కూడా ఉండదు, మ్యాపు ముందే ఫోనులో దించుకోండి.

మందస నుంచి కొండ దగ్గరగానే కనిపిస్తుంది గానీ అటువైపు పైకి వెళ్ళేది నడకదారి. సైకిలుకు ఒడిశా వైపు రోడ్డే దారి. రెండో రోజు పలాస, టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి చేరి, మూడో రోజు అక్కడి నుంచి ఎక్కాలి. పర్లాకిమిడి ఎత్తు సుమారు 145 మీటర్లు, అంటే శిఖరానికి నికరంగా 1,350 మీటర్ల ఎక్కుడు, మధ్యలో దిగి ఎక్కేవి వేరే. గొలుసు తిరిగే ముందు పళ్ళచక్రానికి 40 పళ్ళు, వెనక పెద్దదానికి 42 ఉంటే నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పినా వేగం గంటకు ఏడున్నర కిలోమీటర్లు, నిటారు చోట దాన్ని నిలబెట్టడం అందరివల్లా కాదు. ముందు 36 వేయించుకున్నవాళ్ళు మోకాళ్ళు కాపాడుకుంటారు.

అసలు ప్రమాదం దిగేటప్పుడు. పల్లెల దగ్గర నిటారు చోట్ల సిమెంటు రోడ్డు వేస్తారు, నీడపట్టున దాని మీద పాచి. ముందు బ్రేకు ఒక్కటే పట్టుకుంటే చక్రం జారుతుంది. రెండూ కలిపి కొద్దిగా పట్టి వదులుతూ దిగాలి. అదేపనిగా పట్టుకుంటే డిస్కు కాలి పట్టు పోతుంది. తడి మట్టిలో రెసిన్ బ్రేకు ప్యాడ్లు త్వరగా అరుగుతాయి, లోహపు ప్యాడ్లు నయం. ప్యాడు మందం ఒక మిల్లీమీటరు కన్నా తగ్గితే మార్చకుండా కొండ ఎక్కొద్దు.

గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్ళు తాగాలి. ఉద్దానంలో కొబ్బరి బొండాలకు కొదవ లేదు, కొండ మీద దుకాణాలు తక్కువ కాబట్టి మూడు లీటర్లు, రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు మోయండి. లీటరు పొట్లమైతే మొత్తం లీటరు నీళ్ళలో కలపాలి, రుచి కోసమని సగమే వేయకూడదు. ఒళ్ళు నొప్పులకు డైక్లోఫెనాక్ లాంటి మాత్ర మింగి ఎండలో తొక్కొద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీలను దెబ్బతీస్తాయి.

సముద్రపు తడి ఇసుక తారులా గట్టిగా కనిపించి ఊరిస్తుంది. అక్కడ తొక్కితే ఉప్పు బేరింగుల్లో చేరుతుంది. జనవరి నుంచి తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం కూడా, తీరపు ఇసుకలోకి చక్రం దించొద్దు. తీరం దారిలో తిరిగిన రోజు రాత్రికే మంచినీళ్ళతో సైకిలు కడిగి, గొలుసు తుడిచి, ఒక్కో లింకుకూ ఒక చుక్క నూనె వేయండి. గొట్టంతో నీళ్ళు కొట్టేటప్పుడు బేరింగుల మీదికి నేరుగా పట్టొద్దు, లోపలి గ్రీజు కొట్టుకుపోతుంది.