సర్వర్‌కు ఏళ్ల తరబడి మన్నే ఎస్‌ఎస్‌డీని ఎలా ఎంచుకోవాలి?

సర్వర్‌కు ఎస్‌ఎస్‌డీ (ఫ్లాష్ చిప్పుల్లో డేటాను దాచే డ్రైవ్) కొనాలనగానే చాలామంది ముందుగా వేగం చూస్తారు, ఆ తర్వాత ధర చూస్తారు. మన్నిక దగ్గరికి వచ్చేసరికి "ఉన్నవాటిలో గట్టిది ఇవ్వండి" అని ఊరుకుంటారు. ఆ మాటకు అమ్మేవాళ్ల దగ్గర ఎప్పుడూ ఖరీదైన జవాబే ఉంటుంది. నిజానికి ఎంత గట్టిది కావాలో మీ సర్వర్‌నే అడగవచ్చు. అందుకే కేటలాగు తెరవడానికి ముందు ఒక్క వారం ఆగండి.

1. రోజుకు ఎంత డేటా రాస్తున్నారో కొలవండి

ఎస్‌ఎస్‌డీని అరగదీసేది ప్రధానంగా రాయడమే, చదవడం కాదు. ఫ్లాష్ కణంలో విద్యుదావేశాన్ని నింపి ఖాళీ చేసిన ప్రతిసారీ అందులోని సన్నని ఇన్సులేటర్ పొర కొద్దికొద్దిగా దెబ్బతింటుంది.

సర్వర్‌లో ఇప్పటికే ఎన్‌వీఎంఈ రకం (నేటి వేగమైన ఎస్‌ఎస్‌డీ) డ్రైవ్ ఉంటే, డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తానే చెప్పే స్మార్ట్ రిపోర్టులో 'డేటా యూనిట్స్ రిటెన్' అనే వరుస కనిపిస్తుంది. సోమవారం ఉదయం ఆ అంకెను రాసుకోండి. తరువాతి సోమవారం అదే వేళకు మళ్లీ చూడండి. ఒక్కో యూనిట్ అంటే 5,12,000 బైట్లు. రెండు అంకెల మధ్య తేడా 82 లక్షలు వచ్చిందనుకుందాం. అంటే వారానికి సుమారు 4.2 టెరాబైట్లు, రోజుకు 600 గిగాబైట్లు. నెలాఖరు లెక్కల వంటి భారీ పనులు ఆ వారంలో పడ్డాయో లేదో కూడా చూసుకోవాలి. పాత హార్డ్ డిస్కులున్న సర్వర్ అయితే లినక్స్‌లోని ఐఓస్టాట్ కమాండ్ చూపే లెక్కలు చాలు.

ముందుముందు పని పెరుగుతుంది కాబట్టి నేనైతే ఆ అంకెను రెట్టింపు చేస్తాను. ఇక్కడ 1.2 టెరాబైట్లు అవుతుంది. రెండు డ్రైవ్‌లను మిర్రర్‌గా (రెండింటిలోనూ ఒకే డేటా ఉండేలా) పెడితే పని సగం సగం అవుతుందని కొందరు అనుకుంటారు. అలా కాదు, రెండింటి మీదా పూర్తి భారం పడుతుంది.

2. మన్నిక అంకెను మీ లెక్కతో పోల్చండి

కంపెనీలు మన్నికను రెండు రకాలుగా చెబుతాయి. వారంటీ కాలం మొత్తంలో ఎన్ని టెరాబైట్లు రాయవచ్చో చెప్పేది టీబీడబ్ల్యూ. రోజుకు డ్రైవ్ మొత్తాన్ని ఎన్నిసార్లు నింపవచ్చో చెప్పేది డీడబ్ల్యూపీడీ. 1.92 టెరాబైట్ల డ్రైవ్‌కు డీడబ్ల్యూపీడీ 1, వారంటీ 5 ఏళ్లు అయితే 1.92 × 365 × 5 = 3,504 టెరాబైట్లు. మనకు కావలసింది రోజుకు 1.2 టెరాబైట్లే కాబట్టి ఇది హాయిగా సరిపోతుంది. 3 డీడబ్ల్యూపీడీ డ్రైవ్ కొంటే ఆ అదనపు డబ్బు దండగ. ఇంటి కంప్యూటర్ల కోసం చేసే 1 టెరాబైట్ డ్రైవ్‌లకు 5 ఏళ్లకు 600 టీబీడబ్ల్యూ అని తరచూ కనిపిస్తుంది. లెక్క వేస్తే రోజుకు మూడో వంతు కూడా నింపకూడదన్నమాట. పోల్చేటప్పుడు వారంటీ మూడేళ్లా, ఐదేళ్లా అన్నది మరిచిపోవద్దు. అదే డీడబ్ల్యూపీడీ అంకె మూడేళ్లకే అయితే మొత్తం రాత చాలా తగ్గిపోతుంది.

సర్వర్ డ్రైవ్‌ల సైజులు 1.92 అనీ 1.6 అనీ వింతగా ఉండటానికి కారణం ఇక్కడే ఉంది. సాధారణంగా ఆ రెండింటిలోనూ ఇంచుమించు ఒకే మొత్తం ఫ్లాష్ ఉంటుంది. 1.6లో 1.92 కన్నా ఎక్కువ ఫ్లాష్‌ను మనకు కనిపించకుండా పక్కన పెడతారు. ఎందుకంటే ఫ్లాష్‌లో ఉన్నచోటే చెరిపి దిద్దడం కుదరదు. రాయడం కొన్ని కిలోబైట్ల పేజీల్లో, చెరపడం మెగాబైట్ల బ్లాకుల్లో జరుగుతుంది. పలక మీద ఒక్క అక్షరం దిద్దడానికి పలకంతా తుడిచి మిగతాదంతా తిరగరాసినట్టు, ఒక బ్లాకును చెరిపే ముందు అందులోని పనికొచ్చే పేజీలను మరోచోటికి మోయాలి. మనం రాసింది ఒక గిగాబైట్ అయినా లోపల రాసేది అంతకు ఎక్కువే. పక్కన ఖాళీ ఎంత ఉంటే ఈ మోత అంత తగ్గుతుంది.

రోజుకు 3 టెరాబైట్లు కావాలంటే 3 డీడబ్ల్యూపీడీ ఉన్న 1.6 టెరాబైట్ల డ్రైవ్ 4.8 వరకు తట్టుకుంటుంది. 1 డీడబ్ల్యూపీడీ ఉన్న 3.84 టెరాబైట్లది కూడా పని కానిస్తుంది, పైగా చోటు ఎక్కువ. రెండింటి ధరలూ అడిగాకే నిర్ణయించండి.

3. కణాల రకం గురించి ఎక్కువ బెంగపడకండి

టీఎల్‌సీలో ఒక్కో కణం 3 బిట్లను, క్యూఎల్‌సీలో 4 బిట్లను దాస్తుంది. బిట్లు పెరిగేకొద్దీ మన్నిక తగ్గుతుంది. కానీ ఆ తేడా డీడబ్ల్యూపీడీ అంకెలో ముందే కలిసి ఉంటుంది. ఎక్కువగా చదవడమే ఉండే నిల్వకు క్యూఎల్‌సీ, డేటాబేస్‌కు టీఎల్‌సీ అనుకుంటే చాలు. ఒకసారి మామూలు డ్రైవ్‌ను సర్వర్‌లో పెట్టి, మొదటి పది నిమిషాల వేగం చూసి మురిసిపోయాను. తాత్కాలిక నిల్వ నిండగానే ఆ వేగం కుప్పకూలింది. వేగం అంకె అడిగేటప్పుడు గంటల తరబడి రాశాక నిలకడగా ఉండేదే అడగండి.

4. కరెంటు పోయినా డేటా నిలుస్తుందో లేదో చూడండి

నా దృష్టిలో డీడబ్ల్యూపీడీ కన్నా ఇదే ముఖ్యం. వచ్చిన డేటాను డ్రైవ్ ముందు తన డీర్యామ్‌లో, అంటే కరెంటు ఉన్నంతవరకే డేటా నిలిచే మెమరీలో, ఉంచుకుంటుంది. ఆ క్షణంలో కరెంటు పోతే అది గాలిలో కలిసినట్టే. సర్వర్ డ్రైవ్ బోర్డు మీద వరుసగా కెపాసిటర్లు ఉంటాయి. ఉన్న డేటాను ఫ్లాష్‌లోకి దించడానికి సరిపడా శక్తిని అవి దాచి ఉంచుతాయి. 'యూపీఎస్ ఉంది కదా' అంటారు. కానీ పవర్ సప్లై కాలిపోయినా, ఎవరైనా పొరపాటున డ్రైవ్‌ను లాగేసినా యూపీఎస్ ఏమీ చేయలేదు.

దీనివల్ల ఇంకో లాభం ఉంది. డేటాబేస్ ప్రతి లావాదేవీకీ 'భద్రంగా రాశావా?' అని అడుగుతుంది. కెపాసిటర్ల అండ ఉన్న డ్రైవ్ డీర్యామ్‌లోకి రాగానే ధీమాగా అవుననవచ్చు. లేనిది ఫ్లాష్‌లో రాసేదాకా ఆగాలి.

5. ప్రమాణం ఏ తరగతిదో అడగండి

చిప్పులు, డ్రైవ్‌ల ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ లెక్క ప్రకారం ఇంటి తరగతి డ్రైవ్‌ను రోజుకు 8 గంటలు 40 డిగ్రీల దగ్గర, సర్వర్ తరగతి డ్రైవ్‌ను 24 గంటలూ 55 డిగ్రీల దగ్గర నడిచే లెక్కన పరీక్షిస్తారు. చదవడంలో సరిదిద్దలేని తప్పుల పరిమితి కూడా సర్వర్ తరగతిలో పది రెట్లు కఠినం. ఒక మెలిక మాత్రం ఉంది. మన్నిక పూర్తిగా వాడేశాక, కరెంటు లేకుండా డేటా నిలవాల్సింది ఇంటి తరగతిలో 30 డిగ్రీల దగ్గర ఏడాది అయితే, సర్వర్ తరగతిలో 40 డిగ్రీల దగ్గర 3 నెలలే. పాత సర్వర్ డ్రైవ్‌లలో బ్యాకప్ దాచి అలమరాలో పెట్టకండి.

6. ఫర్మ్‌వేర్ చరిత్ర చూడండి

2019 నవంబరులో హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్ తన కొన్ని ఎస్‌ఏఎస్ (సర్వర్లలో వాడే ఒక రకం కనెక్షన్) డ్రైవ్‌ల విషయంలో హెచ్చరిక జారీ చేసింది. ఫర్మ్‌వేర్ (డ్రైవ్‌ను లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) మార్చకపోతే 32,768 గంటలు నడిచాక, అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలకు, డ్రైవ్ పనిచేయడం మానేస్తుందని, డేటా తిరిగి రాదని చెప్పింది. ఒకేరోజు అమర్చినవి కొన్ని నిమిషాల తేడాతో పోతే రెయిడ్ (ఒక డ్రైవ్ పోయినా మిగతావి డేటాను నిలబెట్టే ఏర్పాటు) కూడా కాపాడలేదు. అందుకే ఫర్మ్‌వేర్ నవీకరణలు ఎంతకాలం ఇస్తారో అడగండి. వీలైతే ఒకే మిర్రర్‌లోని రెండు డ్రైవ్‌లను వేర్వేరు బ్యాచ్‌ల నుంచి తీసుకోండి.

7. అమర్చిన రోజు నుంచే లెక్క రాయండి

సర్వర్ స్లాటు ఆకారం యూ.2నా, ఈ3.ఎస్‌నా, సర్వర్‌ను ఆపకుండా డ్రైవ్‌ను మార్చే వీలుందా అన్నవి కొనే ముందే సరిచూసుకోండి. అమర్చాక నెలకోసారి స్మార్ట్ రిపోర్టులోని 'పర్సంటేజ్ యూజ్డ్' (మన్నికలో ఎంత శాతం వాడేశామో చెప్పే) అంకెను తేదీతో సహా రాసి పెట్టండి. అది వంద దాటినంత మాత్రాన డ్రైవ్ ఆగిపోదు, 255 దాకా చూపించగలదు. అయినా 80 దగ్గరే కొత్తది ఆర్డరు పెట్టండి.