పొట్టి సైలెన్సర్ బిగించాక శబ్దం ఎందుకు చెడుతుంది? 350 సీసీ బుల్లెట్, క్లాసిక్ బండ్లకు సమస్య – పరిష్కారం

రాయల్ ఎన్‌ఫీల్డ్ 350 కొన్నవారిలో చాలామంది మొదట మార్చాలనుకునేది సైలెన్సరే. కంపెనీ ఇచ్చిన పొడవాటి సైలెన్సర్‌లో డుగ్ డుగ్ నాదం అణిగిపోయిందని కొందరికి, పొట్టి సైలెన్సర్ అయితే బండి చూడముచ్చటగా ఉంటుందని మరికొందరికి అనిపిస్తుంది. ఆ కోరికను నేను తప్పుపట్టను, ఎందుకంటే ఒంటి సిలిండర్ ఇంజిన్ కొట్టే దెబ్బలో నిజంగానే ఒక అందం ఉంది. అయితే షార్ట్ బాటిల్, గోల్డ్‌స్టార్, పంజాబ్ అని దుకాణాల్లో పిలిచే రకాలను పేరు చూసి, వీడియో విని కొనుక్కున్నవారికి ఆ తరవాత ఎదురయ్యే ఇబ్బందులు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. వాటిని లక్షణం, కారణం, మరమ్మతు అనే వరసలో కింద వివరిస్తున్నాను.

వీడియోలో గంభీరంగా ఉన్నది, బండికి బిగిస్తే రేకుడబ్బాలా మోగుతోంది

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. దీని కారణం తెలిస్తే మిగిలినవి సగం తెలిసినట్టే. ఫోను మైకు కింది స్థాయి పౌనఃపున్యాలను సరిగా పట్టుకోదు, పైగా మోత పెరిగినప్పుడల్లా దాన్ని తనంతట తానే తగ్గించి రికార్డు చేస్తుంది. కాబట్టి వీడియోలో విన్నదాన్ని ఆ సైలెన్సర్ అసలు శబ్దంగా లెక్కలోకి తీసుకోకూడదు.

నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. బండి నిలబడి ఇంజిన్ నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతున్నప్పుడు సెకనుకు ఎనిమిది దెబ్బలు, మూడు వేల చుట్ల దగ్గర సెకనుకు పాతిక దెబ్బలు పడతాయి. మనం డుగ్ డుగ్ అని ఇష్టపడేది ఈ దెబ్బల లయనే. అయితే ప్రతి దెబ్బ వెంటా వందల హెర్ట్జ్ నుంచి కొన్ని వేల హెర్ట్జ్ దాకా పాకే ఒక గరగర కూడా బయలుదేరుతుంది. చెవికి గుచ్చుకునేదీ, వీధి చివరి ఇంట్లో పసిపిల్లను లేపేదీ ఆ గరగరే. మంచి సైలెన్సర్ చేయవలసిన పని దెబ్బను ఉంచి గరగరను తీసేయడం.

సైలెన్సర్ ఆ పనిని రెండు విధాలుగా చేస్తుంది. మొదటిది చిల్లుల గొట్టం చుట్టూ గ్లాస్ వూల్, అంటే గాజు పీచు దూది, చుట్టడం. పై స్థాయి శబ్దం ఆ దూదిలోకి దూరి వేడిగా మారి అణిగిపోతుంది. రెండవది, సన్నని గొట్టం ఒక్కసారిగా వెడల్పాటి గదిలోకి తెరుచుకునేలా చేయడం. ఆ వెడల్పయ్యే చోట ధ్వని తరంగంలో కొంత భాగం వెనక్కి తిరిగిపోతుంది. వేడి వాయువులో, దాదాపు 400 డిగ్రీల దగ్గర, ధ్వని సెకనుకు సుమారు 520 మీటర్లు పోతుంది. అంటే 1000 హెర్ట్జ్ తరంగం పొడవు అరమీటరు, 100 హెర్ట్జ్ తరంగం పొడవు అయిదు మీటర్లు. ముప్ఫై సెంటీమీటర్ల డబ్బాలో వేలి మందం దూది అరమీటరు తరంగాన్ని బాగానే మింగగలదు గానీ అయిదు మీటర్ల తరంగాన్ని దాదాపుగా తాకను కూడా తాకదు.

దీని అర్థం ఏమిటంటే, పొట్టి సైలెన్సర్‌లో డుగ్ డుగ్ కోసం ప్రత్యేకంగా ఏమీ తీసేయనక్కరలేదు. అది ఎలాగూ బయటికి వస్తుంది. దెబ్బ బలంగా వినిపించాలని లోపలి దూది లాగించేసినవారికి దెబ్బ పెరగదు, గరగర మాత్రమే పెరుగుతుంది. నేను చూసిన చెడిపోయిన శబ్దాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క అపోహ వల్ల పుట్టినవే.

పరిష్కారం కొనేచోటే మొదలవుతుంది. టార్చి వేసి సైలెన్సర్ లోపలికి చూడాలి. చిల్లుల గొట్టానికీ పై రేకుకూ మధ్య కనీసం పాతిక నుంచి ముప్ఫై మిల్లీమీటర్ల దూది పట్టే చోటు ఉండాలి. పొడవు తక్కువైనా పరవాలేదు, లావు మాత్రం తగ్గకూడదు. గది లెక్క కూడా ఇదే చెబుతుంది. గది వ్యాసం గొట్టం వ్యాసానికి రెండింతలుంటే ఆదర్శ స్థితిలో గరిష్ఠంగా ఆరున్నర డెసిబెళ్ళు, మూడింతలుంటే పదమూడు డెసిబెళ్ళు తగ్గుతాయి. పొడవు నిర్ణయించేది ఏ పౌనఃపున్యం దగ్గర ఆ తగ్గుదల వస్తుందన్నదే. ముప్ఫై సెంటీమీటర్ల గది 430 హెర్ట్జ్ చుట్టుపక్కల బాగా పనిచేసి, దానికి రెట్టింపు దగ్గర శబ్దాన్ని యథాతథంగా వదిలేస్తుంది. ఆ వదిలేసినదాన్ని పట్టుకోవడానికే దూది కావాలి. అందుకని ఒక గదీ, దాని వెనక దూది చుట్టిన గొట్టమూ కలిసి ఉన్న పొట్టి సైలెన్సర్‌నే నేను సిఫారసు చేస్తాను. చేత్తో పట్టుకుంటే బరువుగా ఉండటం కూడా మంచి గుర్తు, పలచని రేకు తనంతట తానే మోగుతుంది.

మొదట బాగుంది, కొన్ని నెలలకు మోత పెరిగింది

ఇది నాకే ఎదురైంది. షార్ట్ బాటిల్ బిగించిన మొదటి వారాల్లో శబ్దం మెత్తగా ఉండేది. మూడు నెలల తరవాత ఇంజిన్‌లోనే ఏదో దోషం వచ్చిందేమోనని భయపడేంత కఠినంగా మారింది. వెనక మూత తీసి చూస్తే దూది చాలావరకు కనబడలేదు. చిల్లులు పెద్దవిగా ఉండి, దూది వదులుగా నింపడం వల్ల ప్రతి దెబ్బకూ కొంచెం కొంచెం పీచులా ఊడి బయటికి పోయింది.

సైలెన్సర్ మూత రివెట్లతోనో బోల్టులతోనో ఉంటే దీనికి మందు సులువు. చిల్లుల గొట్టం మీద ముందుగా ఒక పొర స్టీలు ఉన్ని చుట్టి, దాని మీద ఎగ్జాస్ట్ కోసమే తయారుచేసే పొడవాటి పీచు గ్లాస్ వూల్‌ను ఖాళీ లేకుండా, అలాగని రాయిలా గట్టిగా కాకుండా చుట్టాలి. స్టీలు ఉన్ని వేడినీ, ఒత్తిడినీ తాను భరించి దూదిని కాపాడుతుంది. ఇళ్ళ పైకప్పులకు వేసే మామూలు దూది ఇక్కడ నిలవదు. ఈ పని చేసేటప్పుడు చేతికి తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి, ఎందుకంటే గాజు పీచు చర్మానికీ ఊపిరికీ హాని చేస్తుంది. మూత వెల్డింగ్ చేసేసిన సైలెన్సర్ అయితే కోసి మళ్ళీ అతికించాలి. అందుకే విప్పి బిగించుకునే మూత ఉన్నదే కొనడం మంచిది.

యాక్సిలరేటర్ వదలగానే టపటపమని పేలుతోంది

ఈ శబ్దాన్ని కావాలని కోరుకునేవారూ ఉన్నారు గానీ, ఇది ఆరోగ్య లక్షణం కాదు. యాక్సిలరేటర్ మూసినప్పుడు సిలిండర్‌లో సరిగా మండని ఇంధనం వేడిగా ఉన్న బెండ్ పైపులోకి, అంటే ఇంజిన్ నుంచి సైలెన్సర్ దాకా పొగను తెచ్చే గొట్టంలోకి, వస్తుంది. అక్కడికి ఎక్కడినుంచైనా కొత్తగాలి చేరితే అది గొట్టంలోనే అంటుకుని పేలుతుంది. కంపెనీ సైలెన్సర్ పెద్దది కాబట్టి చిన్న పేలుళ్ళను దాచేస్తుంది, పొట్టిది దాచలేదు.

కొత్తగాలి ఎక్కువగా దూరేది సిలిండర్ హెడ్ దగ్గర అతుకును మూసే గ్యాస్కెట్ నుంచీ, బెండ్ పైపుకు సైలెన్సర్ కలిసే అతుకు నుంచీ. సైలెన్సర్ మార్చినప్పుడు పాత గ్యాస్కెట్‌నే మళ్ళీ వాడటం చాలాచోట్ల జరుగుతోంది. ఒకసారి నొక్కుకుపోయిన గ్యాస్కెట్ రెండోసారి పూర్తిగా మూసుకోదు. అతుకు దగ్గర నల్లటి మసి చార ఉంటే లీకు అక్కడే. మసి కనబడకపోతే, చల్లగా ఉన్న ఇంజిన్‌ను స్టార్టు చేసి, తొడుగు వేసుకున్న చేత్తో తడిగుడ్డతో సైలెన్సర్ మూతిని ఒకటి రెండు సెకన్లు మూస్తే లీకున్న చోట బుస్సుమని వినిపిస్తుంది. కొత్త గ్యాస్కెట్ వేసి, రెండు నట్లనూ ఒకదాని తరవాత ఒకటి కొద్దికొద్దిగా సమంగా బిగించాలి. లీకులన్నీ మూసిన తరవాత కూడా పేలుడు ఆగకపోతే అప్పుడు ఇంధన మిశ్రమం పలచబడిందేమో చూపించాలి. లీకును వెతక్కుండా ముందే మిశ్రమాన్ని కదిపితే రెండు దోషాలు కలగలిసిపోతాయి.

కింది గేర్లలో లాగడం తగ్గింది

దీనికి మెకానిక్కులు సాధారణంగా చెప్పే కారణం బ్యాక్ ప్రెషర్, అంటే పొగకు ఎదురయ్యే అడ్డంకి, పోయిందని. ఆ మాట సగమే నిజం. ఇంజిన్‌కు అడ్డంకి వల్ల మేలేమీ లేదు, మేలు చేసేది తరంగం తిరిగి వచ్చే సమయం. దెబ్బ గొట్టం వెంట పోయి, గొట్టం వెడల్పయ్యే చోట తలకిందులై పీల్చే తరంగంగా వెనక్కి వస్తుంది. అది ఎగ్జాస్ట్ వాల్వు మూసుకునేలోపు చేరితే మిగిలిన పొగను లాగేస్తుంది. ఆ వెడల్పు దగ్గరికి జరిగితే ఈ మేలు ఎక్కువ చుట్ల వైపుకు జరుగుతుంది. 2020 చివర్లో మీటియర్ బండితో వచ్చిన జే సిరీస్ 349 సీసీ ఇంజిన్ తన గరిష్ఠ టార్కు (తిప్పే బలం) 27 న్యూటన్ మీటర్లను నాలుగు వేల చుట్ల దగ్గరే ఇస్తుంది. మన ఊళ్ళలో ఆ బండ్లు నడిచేది అంతకన్నా కిందనే. కాబట్టి కింది లాగుడును పోగొట్టుకుంటే బండిలోని మంచినే పోగొట్టుకున్నట్టు.

బెండ్ పైపును మార్చకుండా ఉంచడం, సైలెన్సర్ లోపలి గొట్టం వ్యాసం బెండ్ పైపు వ్యాసానికి సమానంగా ఉండేలా ఎంచుకోవడం దీనికి విరుగుడు. మోత తగ్గించడానికి మూతిలో పెట్టే డీబీ కిల్లర్ అనే చిన్న ముక్కను తీయకుండా నడపడం కూడా ఉపయోగమే, అయితే అది దూదికి ప్రత్యామ్నాయం కాదు.

ఒక వేగం దగ్గర మాత్రం హోరు, తలనొప్పి

పొట్టి సైలెన్సర్ మూతి వెనక చక్రం ఇరుసు కన్నా ముందే ఆగిపోతుంది కాబట్టి శబ్దం నడిపేవారి కాళ్ళ దగ్గరే బయటపడుతుంది. ఏదో ఒక వేగం దగ్గర దెబ్బల పౌనఃపున్యం గొట్టం సహజ పౌనఃపున్యంతో కలిసి హోరవుతుంది. కార్లలో దీనికి పక్క గొట్టం వెల్డింగ్ చేస్తారు. బైకు మీద అంత చోటు ఉండదు. మూతిని బయటి వైపుకు, కిందికి వంచిన చివరి ముక్క వేయించడం, లేదా పది, పన్నెండు సెంటీమీటర్లు పొడవైన మోడల్‌కు మారడం తప్ప నాకు నమ్మకమైన దారి కనబడలేదు.

లోపల గలగల, బెండ్ పైపు మెడ దగ్గర పగులు

చల్లారిన తరవాత సైలెన్సర్‌ను విప్పి ఊపితే గలగలమంటే లోపలి పలక వెల్డింగ్ ఊడినట్టు. దాన్ని తిరిగి అతికించడం కన్నా మార్చడమే నయం. పగులు విషయం మాత్రం ఇంకా తీవ్రమైనది. కొన్ని పొట్టి సైలెన్సర్లకు వెనక పట్టీ సరిపోక, బరువంతా బెండ్ పైపు మీదే వేలాడుతుంది. అలా కొన్నాళ్ళు నడిస్తే సిలిండర్ హెడ్ స్టడ్ బోల్టులే విరుగుతాయి, ఆ మరమ్మతు సైలెన్సర్ ధర కన్నా ఎక్కువ కావచ్చు. ఫ్రేముకు బలమైన పట్టీ వేసి, మధ్యలో రబ్బరు బుష్ తప్పకుండా ఉంచాలి. అరవై సెంటీమీటర్ల ఇనుప గొట్టం మూడు వందల డిగ్రీలు వేడెక్కితే దాదాపు రెండు మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ సాగడానికి చోటివ్వకపోతే అతుకే చీలుతుంది. బిగించేటప్పుడు అన్ని బోల్టులనూ వదులుగా ఎక్కించి, గొట్టం తనంతట తాను కూర్చున్న తరవాతే ముందు నుంచి వెనక్కి బిగించుకుంటూ రావాలి.

మీటరులో ఇంజిన్ లైటు వెలిగింది

2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్ 6 కాలుష్య ప్రమాణాల బండ్లలో బెండ్ పైపు మీద ఆక్సిజన్ సెన్సర్, పొగ పోయే దారిలో విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటాయి. సెన్సర్ తీగ లాగబడిందేమో, అతుకు దగ్గర గాలి దూరి సెన్సర్‌ను మోసం చేస్తోందేమో మొదట చూడాలి. కన్వర్టర్ తీసేసిన బెండ్ పైపును ఎవరు అంటగట్టినా తీసుకోవద్దు. అది గాలిని పాడుచేస్తుంది, చట్టవిరుద్ధం, పైగా శబ్దంలోని గరగరను కొంత అణచేది కూడా ఆ కన్వర్టరే.

శబ్దం నాకు బాగుంది, పోలీసులు ఆపుతున్నారు

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వది ప్రతి వాహనానికీ సైలెన్సర్ ఉండాలని, అది విస్తరణ గది ద్వారా గానీ మరో విధంగా గానీ మోతను సాధ్యమైనంత తగ్గించాలని చెబుతుంది. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ రెండో ఉపవిభాగం కింద, 2019 సవరణ తరవాత, ధ్వని ప్రమాణాలను ఉల్లంఘిస్తే మూడు నెలల వరకు జైలు, పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు, లైసెన్సు మూడు నెలలు పోతుంది. హైదరాబాదులో, విశాఖపట్నంలో స్వాధీనం చేసుకున్న సైలెన్సర్లను రోడ్డు రోలరుతో తొక్కించిన సంగతి తెలిసిందే. కొనేముందు మీ మోడల్‌కు పుణెలోని ఏఆర్ఏఐ వంటి సంస్థలో పరీక్ష చేయించిన పత్రం ఉందా అని అడగండి. లేదంటే పాత సైలెన్సరే ఉంచుకోవడం క్షేమం.

పత్రం ఉన్నా, బిగించాక మీరే ఒకసారి కొలిచి చూసుకోవాలి. నిలబడి ఉన్న బండిని కొలిచే అంతర్జాతీయ పద్ధతిలో మైకును సైలెన్సర్ మూతి నుంచి అరమీటరు దూరంలో, పొగ పోయే దిశకు 45 డిగ్రీల కోణంలో పెడతారు. గరిష్ఠ శక్తి అయిదు వేల చుట్లు దాటిన తరవాత వచ్చే ఇంజిన్లను ఆ చుట్లలో సగం దగ్గర తిప్పుతారు. 6100 దగ్గర గరిష్ఠ శక్తినిచ్చే క్లాసిక్‌కు అది దాదాపు 3050. ఫోను యాప్ చూపే అంకెను నిజమైన డెసిబెళ్ళుగా నమ్మలేం గానీ, అదే ఫోనుతో, అదే ఖాళీ స్థలంలో, పాత సైలెన్సర్‌తో ఒకసారి, కొత్తదానితో ఒకసారి కొలిస్తే తేడా తెలుస్తుంది. శబ్దం కొలిచే మీటర్లు మన చెవిలాగే కింది స్థాయి శబ్దాన్ని తక్కువగా, 100 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెళ్ళు తగ్గించి లెక్కిస్తాయి. అందువల్ల అంకె పెరిగిందంటే పెరిగింది చాలావరకు గరగరే. అలాంటప్పుడు మళ్ళీ మూత తీసి దూది చూడండి.