హైస్పీడ్ రైలు చక్రాలు సమంగా అరగకపోతే: లక్షణం, కారణం, పరిష్కారం

ఒంగోలు, నెల్లూరు మీదుగా వందే భారత్ రైళ్లు తిరుగుతున్న ఈ రోజుల్లో, రైల్వే పనిలో చేరుతున్న మన ప్రాంతపు యువకులు చక్రాన్ని కోసి సరిచేసే లేత్ యంత్రానికి పంపే ముందే అది ఎక్కడ, ఎంత అరిగిందో కొలిచి రాసుకోవాలి. ఒకసారి కోత పడితే కారణం చెప్పే ఆనవాలు మిగలదు.

బండి నెల్లూరు స్టేషన్ వదిలి 30 కిలోమీటర్ల వేగం అందుకునేసరికి ఒక పెట్టె కింద సెకనుకు దాదాపు మూడు దెబ్బలు వినిపిస్తే, 915 మిల్లీమీటర్ల చక్రం తిరిగే లెక్కకు అది సరిపోతుంది కనుక, ట్రెడ్ (చక్రంలో పట్టాపై దొర్లే భాగం) మీద ఒకచోట చదును పడిందని అనుమానించాలి. బ్రేకు పట్టేసి చక్రం తిరగకుండా జారడమే ఇందుకు కారణం. మన వైపు ఈశాన్య రుతుపవనాల కాలంలో సన్నని తుంపరకు తడిసిన పట్టా, జోరువాన కడిగిన పట్టా కంటే ఎక్కువ జారుతుంది. జారినచోట ఉక్కు బాగా వేడెక్కి, వెంటనే చల్లారి పెళుసెక్కుతుంది, తరువాత పెచ్చులుగా ఊడుతుంది. అందువల్ల చదును పోగానే ఆపకుండా ఆ పెళుసు పొర పూర్తిగా పోయేదాకా కోయాలి. స్పీడ్ సెన్సర్లు, చక్రం జారితే బ్రేకు గాలిని వదిలే డంప్ వాల్వులు, బ్రేకు వదిలే తీరు పరీక్షించకపోతే మళ్లీ అదే జరుగుతుంది.

తిన్నని దారిలో వేగం పెరిగినకొద్దీ పెట్టె పక్కలకు ఊగుతుంటే, ట్రెడ్ మధ్యలో గుంటపడి దాని వాలు మారిందేమో చూడాలి. ప్రొఫైల్ (ట్రెడ్ ఆకారం) సరిచేయడంతోపాటు, ఊపును అణిచే యా డ్యాంపర్ల నుంచి నూనె కారుతున్నదేమో గమనించాలి. ఒక ఫ్లాంజే (చక్రం పట్టా దిగకుండా ఆపే లోపలి అంచు) పలచబడితే, ఆ యాక్సిల్ రెండు చక్రాల వ్యాసాల్లో తేడా గానీ, బోగీలో (పెట్టె కింద యాక్సిళ్లను పట్టి ఉంచే చట్రంలో) యాక్సిళ్లు సమాంతరంగా లేకపోవడం గానీ కారణం కావచ్చు.

అన్నింటికంటే మోసకారి బహుభుజి అరుగుదల. చైనాలో 300 కిలోమీటర్ల వేగంతో నడిచే రైళ్లలో ఇది బాగా కనిపించింది. చక్రం కంటికి గుండ్రంగానే ఉంటుంది, కానీ చుట్టూ ఇరవై వరకు సన్నని అలలుంటాయి. 920 మిల్లీమీటర్ల చక్రమైతే ఆ వేగంలో సెకనుకు దాదాపు 580 కంపనాలు పుట్టి, పెట్టెలో ఎడతెగని హోరు వినిపిస్తుంది. బోగీ, పట్టాల సహజ కంపనం చక్రం చుట్టుకొలతలో మిగులు లేకుండా పూర్ణ సంఖ్యలో అలలుగా ఇమిడినప్పుడు, ప్రతి చుట్టులోనూ అవే చోట్లు మరింత అరుగుతాయి. ఎప్పుడూ ఒకే వేగంతో నడపడం దీన్ని పెంచుతుంది. కనుక అలలు పూర్తిగా పోయేలా కోయడం, నడిపే వేగాన్ని మార్చుతూ ఉండడం, ట్రెడ్‌ను రాపిడి దిమ్మెలతో శుభ్రపరచడం ఉపయోగపడతాయి. మూడే అలలు కనిపిస్తే మాత్రం, కోసేటప్పుడు లేత్‌లో చక్రాన్ని బిగించే మూడు దవడల చక్ పట్టిన తీరును అనుమానించాలి.

కంపనాన్ని కారణం దగ్గర ఆపకుండా కప్పిపుచ్చడం ప్రమాదకరం. జర్మనీలో గుండ్రం తప్పిన చక్రాల కంపనం తగ్గించడానికి రబ్బరు పొర ఉన్న చక్రాలు అమర్చారు. 1998 జూన్ 3న ఎషెడె దగ్గర అలాంటి చక్రం టైరు (బయటి ఉక్కు వలయం) లోహపు అలసటతో విరిగి, రైలు పట్టాలు తప్పి 101 మంది చనిపోయారు.

కోత అయ్యాక గుండ్రాన్ని కొలిచి నమోదు చేయాలి, కొంతకాలం నడిచాక మళ్లీ కొలవాలి. అదే రకం అరుగుదల తిరిగి వస్తే, లేత్‌కు పంపకముందే బోగీని విప్పి చూడాలి.